అవ్వ గోడ మీది అద్దం ముక్క

నాకు ముక్కు మీదే కోపం. మా ఇంట్లో అందరికీ తెలుసు, సైటులో మేస్త్రీలకు ఇంకా బాగా తెలుసు. ఏళ్ళ తరబడి సిమెంటు దుమ్ములో నిలబడి అరిచి అరిచి నా గొంతు కూడా అట్లాగే తయారైంది. కోపం ఉన్నవాడు ఏదో ఒకటి సాధిస్తాడని జనం అనుకుంటారు. ఉత్తమాట. కామారెడ్డిలో ఒక ముసలామె ఇల్లు నా కళ్ళముందే పోతుంటే నేను చేయగలిగింది అరవడం ఒక్కటే. అది కూడా ఎవరి చెవికీ ఎక్కలేదు.

మా కంపెనీ మరీ పెద్దదేమీ కాదు. కామారెడ్డిలో దుకాణాల కాంప్లెక్సులు, ఎల్లారెడ్డి, బిచ్కుంద వైపు కులసంఘాల భవనాలు, ఎప్పుడైనా ఒక బడికి ప్రహరీగోడ, ఇవీ మా పనులు. యజమానిని అందరం పెద్దసారు అంటాం. నేను సైటు ఇంజనీరును. పేరుకే ఇంజనీరు. ఇసుక లారీ రాకపోయినా, కూలీలకు తాగేనీళ్ళు లేకపోయినా, పక్కింటివాళ్ళు కొట్లాటకు వచ్చినా మాట పడేది నేనే.

ఆ ఏడు కామారెడ్డి బజారు వెనక గల్లీలో ఒక కాంప్లెక్సు మొదలుపెట్టాం. కింద బండ్లు పెట్టుకోవడానికి సెల్లారు, పైన దుకాణాలు. మా జాగాకు ఆనుకొని ఒక గూనపెంకుల ఇల్లు ఉండేది. మట్టిగోడలు. అందులో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. మొగుడు పోయి చాలాకాలమైంది, బిడ్డకు పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళింది. అవ్వ మా వైపు గోడకు వీపు ఆనించి, ఒళ్ళో చాట పెట్టుకొని పొద్దంతా బీడీలు చుట్టేది. జేసీబీ చప్పుడుకు గల్లీ అంతా మమ్మల్ని తిట్టిపోసింది, ఆమె తప్ప. "కట్టుకోండ్రి నాయినా, ఎవలి పని వాళ్ళది" అనేది. తిట్టేవాళ్ళతో నాకు ఇబ్బంది లేదు, నేను కూడా తిడతాను. ఇట్లాంటివాళ్ళతోనే ఏం చేయాలో తెలియదు.

పక్కన మట్టిగోడ ఉన్నప్పుడు సెల్లారు ఒకేసారి తవ్వకూడదు. ముక్కలు ముక్కలుగా తవ్వి, తవ్విన చోటల్లా కాంక్రీటు అడ్డుగోడ పోసుకుంటూ పోవాలి. లేకపోతే పక్కవాళ్ళ పునాది కింది మట్టి మన గుంతలోకి జారుతుంది. పెద్దసారుకు ఇదే చెప్పాను.

"ముక్కలు ముక్కలు తవ్వుకుంట కూసుంటే వానలొస్తయి. గుంతల నీళ్ళు నిండితే అప్పుడేం జేస్తవ్? అప్పుడు నీ అవ్వ గోడ నిలవడుతదా?" అన్నాడు.

ఆ మాటలోనూ నిజం ఉంది. ఉట్టి అబద్ధమైతే ఎదిరించి ఉండేవాణ్ణి. చివరికి గుంత ఒకేసారి తవ్వేటట్టు, నేను రోజూ గోడను కనిపెట్టేటట్టు ఒప్పందమైంది. గోడ కదిలినట్టు తేలితే పని ఆపుతానని ఆయన మాట ఇచ్చాడు. నేను దాన్నే పట్టుకున్నాను.

అవ్వ తలుపు పక్కన గోడకు సన్నటి పాత బీట ఒకటి ఉంది. దానికి అడ్డంగా ఒక అద్దం ముక్క పెట్టి, రెండు కొసలకూ తెల్లసిమెంటు అద్ది అతికించాను. ఇది మా పనిలో పాతపద్ధతి. గోడ వెంట్రుకవాసి జరిగినా ఆ అద్దం పుటుక్కుమంటుంది. గోడ అబద్ధం చెప్పలేదు కదా.

"గిదేంది సారూ, గోడకు పట్టీ కట్టినవా?" అని అడిగింది అవ్వ.

అప్పుడు పైన ఎండ, వెనక నుంచి జేసీబీ డ్రైవరు కేకలు. "అవ్వా, ఇది పగిలిందంటే నా నౌకరి పోయినట్టే. జర కనిపెట్టుకోని ఉండు" అనేసి వెళ్ళిపోయాను. అందరం అనే మాటే. ఎవరూ దాన్ని నిజమనుకోరు.

రోజూ పొద్దున ఆ అద్దాన్ని ఫోన్లో ఫొటో తీసి కంపెనీ గ్రూపులో పెట్టేవాణ్ణి. పెద్దసారు బొటనవేలు బొమ్మ పంపేవాడు. అద్దం చెక్కుచెదరలేదు. జేసీబీ లోతుకు దిగుతున్నకొద్దీ నాకు అనుమానం పెరిగింది, ఎందుకంటే అవ్వ ఇంటి తలుపు మూతపడటం మానేసింది. గడపకు రాసుకుంటోంది, రెండు చేతులతో నూకితే గానీ దగ్గరకు రావడం లేదు. బీడీల చాటలో మట్టి రాలుతోంది. ఆమె ఆకును విదిలించుకొని మళ్ళీ చుట్టుకుంటోంది. "కట్టె ఉబ్బిందేమో అవ్వా" అన్నాను, నడిఎండాకాలంలో. అద్దం బాగుందంటే గోడ బాగున్నట్టే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక పొద్దున ఫొటో తీస్తూ చెయ్యి ఊతానికి గోడకు ఆనించాను. నా బొటనవేలికి తెల్లసిమెంటు అంటుకుంది. పచ్చిగా ఉంది. నేను అతికించి ఎన్నిరోజులైంది, ఇంకా పచ్చిగా ఉండటమేమిటి? వంగి చూశాను. నేను పెట్టింది పలచటి ముక్క. ఇది మందం.

"అవ్వా, ఈ అద్దం నాది కాదు."

ఆమె తల ఎత్తలేదు. దారం చుట్టి, బీడీ మూతి మడిచి, చాటలో వేసి, అప్పుడు చెప్పింది. "నువ్వు పెట్టింది పగిలింది. శాన దినాలైంది. పటాలు కట్టే దుకాణమాయన నడిగి ఇంకోటి తెచ్చి పెట్టిన. అదీ పగిలింది. మల్ల పెట్టిన. సిమెంటు మీ మేస్త్రీనే అడుక్కొచ్చిన."

"ఎందుకట్ల జేసినవే?" అన్నాను.

"నీ నౌకరి పోతదంటివి గద బిడ్డా. పిల్లలు గలోనివి."

ఆ అద్దం ముక్కను పీకేశాను. దాని కింద బీట మీద ఆమె తెల్లసిమెంటు నున్నగా మెత్తింది, ఇంట్లో అలుకు పూసినంత ముచ్చటగా. దాన్ని గీకితే నా వేలు లోపలికి దిగింది. ఎవరి మీద కోప్పడాలి? అక్కడే గడప మీద కూలబడ్డాను. ఆమె నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆఫీసుకు పరుగెత్తి పెద్దసారుకు చెప్పాను. ఆయన నా ముఖం కేసి కాదు, ఫోను కేసి చూశాడు. "రోజూ అద్దం మంచిగున్నదని నువ్వే పెట్టినవ్ కద" అన్నాడు. అట్లా అని చేతులు ముడుచుకొని కూర్చోలేదు. జేసీబీని ఆపించాడు. ఆ వైపు అడ్డుగోడకు ఇనుము ముందు కట్టమన్నాడు. అవ్వను కొన్నాళ్ళు వేరేచోట ఉండమన్నాడు. అన్నీ సరైన మాటలే. కాకపోతే గుంత అప్పటికే పూర్తిలోతుకు తవ్వి ఉంది.

ఇల్లు ఖాళీ చేయమంటే అవ్వ కదలలేదు. "కొత్తది పెట్టిన గద, మంచిగనే ఉన్నది" అంటుంది. నేను పెద్దగా అరిచాను. గల్లీ అంతా తలుపులు తీసి చూసింది, ముసలామె మీద అరుస్తున్నానని నన్ను తిట్టింది. చివరికి ఆమె చాట, పరుపుచుట్ట తీసుకొని ఎదురింటి అరుగు మీదికి మారింది. ట్రంకుపెట్టె, ఇత్తడి గంగాళం, దేవుడి పటాలు మేమే మోసి పెట్టాం.

ఇనుము కట్టడం సగమైంది. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. టార్పాలిన్లు కప్పాం, మోటారు పెట్టి గుంతలో నీళ్ళు తోడాం. వాన ఆగలేదు. గోడ కింది నుంచి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా జారి గుంతలో పడుతుంటే పైన నిలబడి చూస్తున్నాను. కిందికి దిగమని కూలీలకు చెప్పలేను, దిగితే వాళ్ళ ప్రాణం పోతుంది. తాడు కట్టి లాగేది కాదు, చేత్తో ఆపేది కాదు. చదివిన చదువంతా ఉండి కూడా ఒక మట్టిగోడ పడేదాకా ఎదురుచూడటం తప్ప నాకు ఇంకో పని లేకపోయింది. ముందు కింది భాగం కుంగింది, తరవాత గోడ మా వైపు ఒరిగింది. పెంకులు జలజలా రాలాయి.

అవ్వ కొంగు నెత్తిమీద కప్పుకొని నా పక్కకొచ్చి నిలబడింది. ఏడవలేదు. కాసేపు చూసి, "దూలం మంచిగనే ఉన్నది, ఇరగలే" అంది.

కంపెనీ ఇల్లు కట్టిస్తుందనే నేను అనుకున్నాను. ఎదురింటివాళ్ళూ అదే అన్నారు. పెద్దసారు మాత్రం, పాత మట్టిగోడ వానకు పడింది, దానికి మేమేం చేస్తాం అన్నాడు. గోడలో కదలిక లేదనడానికి సాక్ష్యం ఆయన దగ్గరుంది. నేను తీసిన ఫొటోలు.

అవ్వ పుట్టిల్లు ఎల్లారెడ్డి. ఆమె తమ్ముడు అక్కడే సైకిళ్ళు బాగుచేస్తాడు. అతను ఊరుకోలేదు, వాళ్ళ కులసంఘం పెద్దల దగ్గర పంచాయితీ పెట్టించాడు. ఆ సంఘానికి ఎల్లారెడ్డిలో భవనం కడుతున్నది ఎవరనుకున్నారు? మేమే. కింది అంతస్తు స్లాబు పడింది, గోడలు ఇంకా లేవలేదు. సంఘం చందాలు చాలకపోతే పెద్దసారు తన చేతి నుంచి కొంత సాయం చేస్తానన్నాడు. అందుకని అక్కడ ఆయనంటే గౌరవం. పంచాయితీ ఆ స్లాబు కిందే జరిగింది, ఊతంగా పెట్టి ఇంకా తీయని సెంట్రింగు కర్రల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని.

కామారెడ్డి నుంచి పెద్దసారు కారులోనే వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని దారి పొడుగునా గట్టిగా అనుకున్నాను. నౌకరి పోతే పోనీ, బిచ్కుంద దగ్గర మా ఊళ్ళో ఎకరం పొలముంది, చావను కదా.

పెద్దలు ఫోను ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకొని ఫొటోలు చూశారు. నేను లేచాను. అద్దం పగిలిందనీ, ఒకసారి కాదు చాలాసార్లు పగిలిందనీ, అవ్వే వేరేవి పెట్టిందనీ, గుంత తవ్విన రోజుల్లోనే గోడ కదిలిందనీ, తప్పు కంపెనీదేననీ చెప్పాను. పెద్దసారు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. అవ్వ తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పని అయిపోయిందనే అనుకున్నాను.

ఒక పెద్దమనిషి అవ్వను అడిగాడు. "ఏమే అక్కా, సారు చెప్పేది నిజమేనా? అద్దం పగిలిందా?"

ఆమె పెద్దసారును చూసింది. తరవాత నన్ను చూసింది. ఒక తల్లి బిడ్డను ఎట్లా చూస్తుందో అట్లా చూసింది.

"లే. పగల్లే" అంది. "ఈ సారు దినాం అచ్చి చూసిపోయేటోడు. ఆయన పెట్టింది మంచిగనే ఉండె. గోడ వానకే పడ్డది."

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "అవ్వా, నా నౌకరి సంగతి నాకొదిలెయ్యి, నీ ఇల్లు పోతున్నది" అని అందరి ముందూ అరిచాను. "ఊకో బిడ్డా" అంది ఆమె. నా అరుపుకు పెద్దలు ఇబ్బందిగా కదిలారు. "అవ్వనే గట్ల అంటుంటే నువ్వెందుకు ఆగమైతవ్ సారూ, నీ కంపెనీ మీద నువ్వే చెప్పుకుంటవా?" అన్నాడు ఆ పెద్దమనిషి, నాకేదో మేలు చేస్తున్నట్టు. నేను ఎంత చెప్తే అంత అబద్ధంలాగా వినపడింది.

కాసేపటికి అందరికీ నచ్చే మార్గం దొరికింది. సంఘం భవనంలో మెట్ల కింద అవ్వకు ఒక గది. బతికినన్నాళ్ళు ఉండొచ్చు, హాలు ఊడ్చుకుంటూ. పెద్దసారు వెంటనే ఒప్పుకున్నాడు, గదికి బండలు కూడా పరిపిస్తానన్నాడు. పెద్దలు మెచ్చుకున్నారు. టీ తాగాం. కామారెడ్డిలో జాగా ఇప్పటికీ అవ్వ పేరు మీదే ఉంది, దాని మీద నాలుగు గోడలు లేపే తాహతు మాత్రం ఆమెకు లేదు.

నా నౌకరి పోలేదు. మరుసటి వారం ఎల్లారెడ్డి సైటులో ఆ గదికి కొలతలు పెట్టి ముగ్గు పోసింది నేనే. అవ్వ వచ్చి నా ముగ్గుగీతల మధ్య నిలబడింది. చేతులు చాపి వెడల్పు చూసుకుంది. నవ్వింది.

"తలుపు తూర్పుదిక్కు పెట్టు బిడ్డా. బీడీలు చుట్టాలంటే ఎలుగుండాలె గద."

తూర్పున జనరేటరు గది వస్తుంది. ఇంకో రెండు దిక్కులా మెట్ల గోడ. ఆ గదికి తలుపు పెట్టగలిగేది మరుగుదొడ్ల సందులోకి ఒక్కవైపే. ప్లాను నా చేతిలోనే ఉంది.

"సరే అవ్వా" అన్నాను.