నీళ్లలో నానిన సుత్తి

మా ఆఫీసులో చేతి పనిముట్ల జాగ్రత్తల మీద సర్క్యులర్ రాసింది నేనే. పనికి తగ్గ సుత్తినే ఎంచుకోవాలని, పిడి వదులైతే వాడకూడదని, కొట్టేవాడి దగ్గర ఎవరూ నిలబడకూడదని ఇంగ్లిషులో గంభీరంగా దంచాను. అప్పటికి నా చేత్తో కొట్టిన మేకులు నాలుగో అయిదో. వాటిలో రెండు వంకర.

ఆ మే నెలలో మా అమ్మాయి గీసిన బొమ్మకు ఫ్రేము కట్టించాం. ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా క్వార్టరు గోడకు తగిలించడానికి కార్పెంటరును పిలుద్దామంది మా ఆవిడ. ఇంతదానికి మనిషెందుకని, కాకినాడ నుంచి బదిలీ సామాన్లతో వచ్చిన సుత్తిని అటక మీంచి దించాను. అది గోడ మేకులకు పనికొచ్చేదో కాదో చూడలేదు. పిడి మాత్రం లొడలొడలాడింది.

మా వైపు దీనికో వైద్యం ఉంది. సుత్తిని బకెట్టు నీళ్లలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. సముద్రం పక్కన గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి నాలుగు రోజులు నిలిచేది. నేను శనివారం నానబెట్టి, బిగిసిందని మురిసిపోయి, నీళ్లలోంచి తీసి ఆదివారం మధ్యాహ్నం దాకా బాల్కనీలో ఉంచాను. ఢిల్లీ వడగాలికి తడిబట్టలే పావుగంటలో అప్పడాలవుతాయి. ఆ సంగతి ఎనిమిదేళ్లుగా తెలిసీ, కర్రకు వర్తించదనుకున్న మేధావిని నేను.

"ఓసారి చూస్కోండి, పిడి ఊగుతుందేమో," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఆ రూలు రాసిందే నేను," అన్నాను, చూడకుండా.

స్టూలెక్కాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మేకుల డబ్బాతో నా వెనకే నిలబడింది. దుమ్ము పడుతుందని దాన్ని కళ్లు మూసుకోమన్నాను. మొదటి మేకు వంగింది. ఉక్రోషంతో చెయ్యి గట్టిగా వెనక్కి ఎత్తాను. చేతిలో బరువు ఒక్కసారిగా పోయింది. సుత్తి తల ఊడి, అమ్మాయి చెవి పక్కనుంచి దూసుకెళ్లి, కూలరు రేకును సొట్ట చేసి కింద పడింది.

నా చేతిలో ఉత్త కర్ర మిగిలింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

అమ్మాయి ఇంకా కళ్లు తెరవలేదు. ఆ చప్పుడు కూడా నా పనిలో భాగమే అనుకున్నట్టుంది. డబ్బాలో తడిమి ఇంకో మేకు తీసి, చెయ్యి పైకి చాపింది.

"లేలో పాపా, ఇస్ బార్ సీధా మార్‌నా."

మేకు తీసుకో నాన్నా, ఈసారి తిన్నగా కొట్టు అని హిందీలో అంటోంది. స్టూలు దిగి, మేకుతో సహా దాని చెయ్యి పట్టుకున్నాను.