రేపు మాస్టారి తెల్ల అంగీ

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన రేపు మాస్టారే. మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషన్ వేసుకుని నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాడు. చెయ్యి మంచిదే, నోటితోనే వచ్చింది చిక్కంతా. ఏ బట్ట ఇచ్చినా, ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "రేపు ఇచ్చేస్తా!" రేపు వెళితే కాలరు మిగిలి ఉండేది, ఎల్లుండి వెళితే గుండీలు మిగిలి ఉండేవి. జనం చెప్పులరిగేలా తిరిగి, నాలుగు తిట్టి, మళ్లీ ఆయనకే గుడ్డ ఇచ్చేవారు. అంత తిన్నగా కుట్టేవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి. పెళ్లి కూడా రేపు రేపు అంటూనే వదిలేసుకున్నాడు మహానుభావుడు.

ఒక్క పనిలో మాత్రం ఆయన మాట తప్పేవాడు కాదు. చర్చిలో బాప్తిస్మం తీసుకునేవాళ్లకి తెల్ల అంగీలు ఆయనే కుడతాడు. అవి మూడు రోజుల ముందే సిద్ధంగా ఉండేవి. ప్రతి అంగీకి అడుగు అంచు మడతలో చిన్న చిన్న ఇత్తడి బిళ్లలు పెట్టి కుట్టేస్తాడు. తొట్టి నీళ్లలోకి దిగితే బట్ట గొడుగులా పైకి తేలకుండా ఆ బరువు కిందికి పట్టి ఉంచుతుంది. ఈ కిటుకు ఎవరు నేర్పారయ్యా అని అడిగితే, "ఎవరూ నేర్పలేదు లెండి" అని మాట మార్చేసేవాడు.

ఇంతమందిని నీళ్లలోకి దింపిన మనిషి తాను మాత్రం దిగలేదు. ప్రతి ఆదివారం వచ్చి తలుపు పక్కన ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు. పాటలన్నీ కంఠతా వచ్చు. పాస్టర్లు ముగ్గురు మారారు, ముగ్గురూ అడిగారు, ముగ్గురికీ రేపే చెప్పాడు. ఈ ఏడు ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో వారం రోజులు పడుకుని లేచాక మాత్రం ఆ మాట అనడానికి ఆయనకే భయమేసింది. తిన్నగా పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, "నా పేరు కూడా రాసుకోండి సార్" అన్నాడు.

ఆరు వారాలు గురువారం సాయంత్రాలు తరగతికి వెళ్లాడు. ఐదుగురు పడుచువాళ్ల మధ్య ఆయనదొక్కటే నెరిసిన తల. ఆఖరి తరగతిలో పాస్టరు గారు పుస్తకం మూసి, "మీ వల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి రండి. ఆ తర్వాతే నీళ్లలోకి" అన్నారు. తర్వాత కాగితం తీశారు. ఆ సంఘంలో ఒక అలవాటుంది. నీళ్లలోంచి లేచినవాళ్లకి వాళ్ల మనిషి ఒకరు గట్టు మీద నిలబడి తువ్వాలు కప్పాలి. తువ్వాలు పట్టేది ఎవరని ఒక్కొక్కరినీ అడిగి పేరు రాసుకుంటున్నారు. అమ్మ, అన్న, భార్య అంటూ అందరూ చెప్పారు. మాస్టారు నీళ్లు నమిలాడు.

"ఎవరూ లేకపోతే నేను పట్టుకుంటా మాస్టారూ, దానికేముంది" అన్నారు పాస్టరు గారు.

"ఉన్నారండీ. అడిగి చెబుతా."

ఉన్నది ఒక్క అక్క. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇదే చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా తమ్ముడితో ఒక్క మాట లేదు. ఆవిడ తన జాకెట్లు వేరేవాడి దగ్గర కుట్టించుకునేది. ఆ దర్జీకి భుజం కుట్టు తిన్నగా రాదు. ఆఖరి బల్ల నుంచి ప్రతి ఆదివారం ఆ వంకర కుట్టు చూడ్డం కన్నా పెద్ద శిక్ష ఇంకేముంటుంది!

జరిగింది ఇదీ. అక్క బాప్తిస్మం తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. వెంట ఉంటానన్నది తమ్ముడొక్కడే. అంగీ నేనే కుడతా, తువ్వాలు నేనే పడతా అన్నాడు. ఆవిడ తన జీతంలో మిగిల్చి తెల్లగుడ్డ కొనిచ్చింది. వీడు రేపు, రేపు అన్నాడు. ఆ రోజు రానే వచ్చింది, గుడ్డకి కత్తెర కూడా పడలేదు. ఏ మొహం పెట్టుకుని చర్చికి వెళ్లేదని ఇంట్లోనే కూర్చున్నాడు. అక్క ఎవరిదో పాత అంగీ అడిగి వేసుకుంది. నీళ్లలో అది పైకి తేలిపోతే రెండు చేతులతో కిందికి అదుముకుంటూ, అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సంగతి మర్నాడు ఎవరో దుకాణంలో నవ్వుతూ చెబితే విన్నాడు.

ఆ గుడ్డ ఇంకా పెట్టె అడుగునే ఉంది. గురువారం ఇంటికొచ్చి బయటికి తీశాడు. ఉతికి, ఆరేసి, అక్క పాత కొలతల చీటీ వెతికి పట్టుకుని కత్తెర వేశాడు. శుక్రవారమంతా దుకాణం తలుపు మూసే ఉంది. శనివారం సాయంత్రం అంగీని కాగితంలో చుట్టుకుని అక్క ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. వెనక్కి తిరిగేవాడే, ఈలోగా ఆవిడే చెత్త పారెయ్యడానికి తలుపు తీసింది.

"ఏంటి?" అంది.

"నీ అంగీ తెచ్చానక్కా."

"ఏ అంగీ?"

"రేపు ఇస్తానన్నాను కదా."

ఆవిడ ఆ పొట్లం వంక, వాడి వంక చూసింది. "ముప్పై ఏళ్లు పట్టిందట్రా నీ రేపు? లోపలికి తగలడు."

అంగీ విప్పి దీపం కింద పట్టి చూసింది. భుజం కుట్టు వేలితో తడిమింది. ఒంటికి ఆనించుకుంది. సగం ఒళ్లు బయటే ఉంది.

"నేనింకా అలాగే ఉన్నాననుకున్నావా?" అని నవ్వబోయి ఆపుకుంది. "అంగీ పోతే పోయిందిరా. పైకి లేచి నీళ్లు తుడుచుకుని నీ కోసమే చూశాను. మనవాళ్లలో ఒక్క మొహం లేదు. పాస్టరమ్మ గారు జాలిపడి తువ్వాలు కప్పింది. నీకు అంగీ కుదరకపోతే వట్టి చేతులతో రాకూడదూ?"

"మొహం చెల్లలేదక్కా. తప్పయిపోయింది" అన్నాడు. కళ్లనీళ్లు ఆగలేదు. అరవై దాటిన మనిషి స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అక్క ఆ అంగీని మడత పెడుతుంటే అంచు చేతికి బరువుగా తగిలింది. "ఇందులో ఏం పెట్టావు?"

"ఇత్తడి బిళ్లలు. నీళ్లలో పైకి తేలకుండా."

"అందరివాటికీ పెడతావా?"

"నీ సంగతి విన్నప్పటి నుంచి ప్రతిదానికీ పెడుతున్నానక్కా."

ఆవిడ ఆ అంచులో ఒక్కో బిళ్లనీ వేలితో నొక్కి చూసింది. "పోయిన ఆదివారం చర్చిలో నీ పేరు చదివారుగా. రేపటికి నీ అంగీ ఏది?" అంది.

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. అందరివీ కుట్టి, అక్కది కుట్టి, తనది మర్చేపోయాడు.

"అనుకున్నాలే! ఇది వేసుకుని దిగు. నాకెలాగూ పట్టదు. నువ్వు పుల్లలా ఉన్నావుగా."

గుమ్మం దిగుతూ ధైర్యం చేసి అడిగాడు. "తువ్వాలు పట్టుకుంటావా అక్కా?"

"రేపు చూద్దాం" అని తలుపేసుకుంది.

రేపు అనే మాట ఖరీదు ఎంతో ఊళ్లో ఆయన కన్నా ఎవరికి తెలుసు? తన దుకాణం గుమ్మంలో ఇన్నేళ్లు నిలబడిన జనమంతా ఆ దారిలో గుర్తొచ్చారు.

ఆదివారం ఐదుగురు దిగి లేచారు. ఆఖరున మాస్టారు దిగాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి, అంగీ కదలకుండా నిలిచింది. గట్టు వైపు చూడ్డానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. పాస్టరు గారు వెనక్కి వంచి ముంచి లేపారు. కళ్ల నిండా నీళ్లు, చెవుల్లో హోరు, ఏమీ కనబడలేదు. మెట్లు తడుముకుంటూ ఎక్కాడు.

ముతక తువ్వాలొకటి తల మీద పడింది. చిన్నప్పుడు తల రుద్దినట్టే, చెవులు ఊడిపోయేలా రుద్దుతున్నారు ఎవరో.

"నెమ్మదిగా అక్కా, నొప్పి!"

"నోర్మూసుకో. ఛాతీ నొప్పి మనిషివి, జలుబు చేస్తుంది." తువ్వాలు బిగించి భుజాల చుట్టూ కప్పింది. "రెండు జాకెట్ గుడ్డలున్నాయి నా దగ్గర. ఎప్పుడిస్తావు కుట్టి?"

మాస్టారు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. వంకర భుజం కుట్టు కళ్లకెదురుగా ఉంది.

"సాయంత్రానికి ఇస్తానక్కా" అన్నాడు.