మీసాలు గొరిగిన జట్టు

తోటపల్లి గూడూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన రంగనాయకులుకు లోకంలో నచ్చిన మనుషులు బహు తక్కువ. హెడ్మాస్టరు నచ్చడు, ఆటల పీరియడులో పిల్లలచేత బెండ మొక్కలకు నీళ్ళు పోయిస్తాడు. లెక్కల మాస్టరు అసలే నచ్చడు. పరుగెత్తడం చదువు రానివాళ్ళ పని అంటాడు. ఊరి రైతులు నచ్చరు. కోళ్ళకు కత్తులు కట్టి దాన్ని ఆట అంటారు. ఎవరి మాట ఎత్తినా ఆయన పెదవి ఎడమ పక్కకు వంకర తిరిగేది. అది చూసి పిల్లలు ఆయనకు ‘థూ అయ్యవారు’ అని పేరు పెట్టుకున్నారు. సంగతి ఆయన చెవిన పడింది. అయినా ఊరుకున్నాడు. ఊరు మొత్తంమీద తనను సరిగ్గా అర్థం చేసుకున్నది ఈ వెధవలేనని మనసులో సంతోషించాడు కూడా.

ఆ గర్వం ఉత్తినే రాలేదు. వయసులో ఉండగా ఆయన మద్రాసులో ఒక మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు లెఫ్ట్ బ్యాకుగా ఆడాడు. శనివారం సాయంత్రాలు జనం గట్టుమీద నిలబడి ఆయన్ను పేరుపెట్టి అరిచేవాళ్ళు. ఒకనాడు వానలో ఆడుతుంటే మోకాలి లోపల ఏదో పుటుక్కున తెగింది. మిల్లువాళ్ళు ఆసుపత్రికి ఒకసారి పండ్లబుట్ట పట్టుకొచ్చి, ఆ తర్వాత కనిపించడం మానేశారు. ఆయన కాలు ఈడ్చుకుంటూ సొంత జిల్లాకు చేరి, డ్రిల్లు ట్రైనింగు ముగించి, యాభై ఎనిమిదిలో ఈ స్కూలుకు వచ్చాడు.

ఒక ఆదివారం భార్య వెంకటశేషమ్మ చేపలు తెమ్మంటే సముద్రం ఒడ్డున జాలరుల పాళెం వెళ్ళాడు. పడవలు లాగిన చోట, తడి ఇసుకలో, పాళెం పిల్లలు పాత వల పీలికలు ఉండచుట్టి తన్నుకుంటున్నారు. బెల్లం ముక్క మీద ఈగల్లా అందరూ ఆ ఉండ మీదే పడ్డారు. రంగనాయకులు పెదవి వంకర తిరగబోయి, సగంలో ఆగిపోయింది. అందరికీ ఎడంగా ఒక పిల్లవాడు, ఉండ ఎటు రాబోతుందో అటు ముందే నడిచి వెళ్ళి నిలబడ్డాడు. ఉండ దానంతటదే వాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది.

“ఎవుర్రా నువ్వు?”

“పేరమ్మ కొడుకునయ్యా. ముత్యాలయ్య.”

“అక్కడెందుకు నిలబడినావు?”

“వాళ్ళందురూ ఆడుండారు గదయ్యా. ఈడ ఎవురూ లేరని.”

ఈ ఒక్క ముక్కను మిల్లు జట్టులో సగంమంది బుర్రలకు ఆఖరిదాకా ఎవరూ ఎక్కించలేకపోయారు. ఆయన ఆరోజు చేపలు కొనడం మరిచి ఇంటికి వెళ్ళాడు.

అప్పటినుంచి నాలుగేళ్ళు ఆయన ఆ పిల్లల్ని, వాళ్ళతోబాటు ఊళ్ళోని రైతుబిడ్డల్ని కొందరిని, వదిలిపెట్టలేదు. తెల్లారగానే సరుగుడు తోట పక్కన పొడి ఇసుకలో పరుగెత్తించేవాడు. పాదం దిగబడే ఇసుకలో పరుగు నేర్చినవాడికి గట్టినేల మీద రెక్కలొచ్చినట్టుంటుందని ఆయన లెక్క. బంతిని గోలులోకి తన్నడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. “గోలు కొట్టడం గాడిదకు గూడా వస్తాది. పక్కనోడికి ఇయ్యడం నేర్చుకోండి ముందు” అనేవాడు. బాగా ఆడినవాడిని ఏమీ అనేవాడు కాదు. అదే మెప్పు. స్కూలుకు ఉన్న ఒకే ఒక్క తోలు బంతిని, బ్లాడరు పగిలినప్పుడల్లా సైకిలు షాపులో అతుకు వేయించి, ఇంట్లో దేవుడి గూటి కింద దాచేవాడు.

ముత్యాలయ్య తల్లి పేరమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మేది. మొగుడు సముద్రం మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు కూడా పడవ ఎక్కే ఈడుకు వచ్చాడు. ఒకరోజు ఆమె స్కూలు గేటు దగ్గర తట్ట దించి రంగనాయకులును నిలేసింది.

“అయ్యోరా, మా వోడు బంతి తంతే నా తట్టలోకి చేపలొస్తాయా?”

“రావు. నీ కొడుకు పడవెక్కితే మాత్రం ఏమొస్తాది? వాళ్ళ నాయన వచ్చినాడా?”

ఎవరితోనైనా అంత మాట అనగలిగే మనిషి ఆయన. పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, “ఆటగాళ్ళకి సర్కారోళ్ళు ఉద్యోగాలిస్తారంట, నిజమేనా?” అని అడిగింది. నిజమేనన్నాడు. ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. కొడుకును పడవ ఎక్కించలేదు.

అరవై రెండులో, దేశంలోని రాష్ట్రాలన్నీ పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల జట్లను పంపే ఫుట్‌బాల్ పోటీలకు పిలుపు వచ్చింది. జిల్లాలో పిల్లల్ని ఏరి హైదరాబాదుకు పంపే పని నెల్లూరులో మస్తానయ్య పెట్టిన క్రీడా సమాజం చేతికి వచ్చింది. మస్తానయ్యకు బియ్యం మిల్లుంది, కారుంది, ఫోటో తీయించుకునే సరదా ఉంది. ఆటంటే మాత్రం బంతి గుండ్రంగా ఉంటుందని తెలుసు, అంతే. ఆయన పక్కన ఎప్పుడూ సెక్రటరీ ఒకడుండేవాడు. వకీలు. ఎండ పడితే తలనొప్పి వచ్చే రకం.

సమాజం జట్టుకూ, స్కూలు జట్టుకూ నెల్లూరులో ఆట పెట్టి, అందులోంచి పిల్లల్ని ఏరుతామన్నారు. రంగనాయకులు తనవాళ్ళను బస్సెక్కించి తీసుకువెళ్ళాడు. సమాజం జట్టు మైదానంలోకి వచ్చింది. పై పెదవులన్నీ అప్పుడే మీసాలు గొరిగినట్టు పచ్చగా ఉన్నాయి. గోలు ముందు నిలబడ్డ హజరత్తయ్య అయితే మస్తానయ్య మిల్లులో బస్తాలు మోసే మనిషి. మెడ ఎక్కడ ఆగుతుందో భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

“వీళ్ళు పిలకాయలా?” అన్నాడు రంగనాయకులు.

“డాక్టరు చూసి చెప్పినాడండీ” అన్నాడు సెక్రటరీ, గొడుగు కిందనుంచి.

ఆట మొదలైంది. ముత్యాలయ్య బంతితో వచ్చిన ప్రతిసారీ హజరత్తయ్య భుజం తగిలి ఎగిరి అవతల పడ్డాడు. రిఫరీ ఈల జేబులో ఉంది. ఆ సమయంలో ఒక ఆడమనిషి చేతిలో అన్నం కేరియరు, చంకలో ఆడబిడ్డతో గీత దగ్గరికొచ్చి ఆగింది.

“ఎవురికమ్మా కేరియరు?” అన్నాడు రంగనాయకులు.

“మా ఇంటాయనకి. మిల్లుకాడికి పోతే ఈడుండాడన్నారు.” ఆమె మైదానం వైపు చెయ్యి చూపింది. “అదో, ఆడ నిలబడుండాడే, లావుగా.”

చంకలో బిడ్డ కూడా చూసింది. “నాయనా!” అని గొంతెత్తి అరిచింది. హజరత్తయ్య బంతి వదిలేసి ఇటు తిరిగాడు.

రంగనాయకులుకు జన్మలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. వంగి, ఎంతో మర్యాదగా ఆ బిడ్డను ఎత్తుకుని, కుంటుకుంటూ పందిరి కింద కూర్చున్న మస్తానయ్య ముందుకు వెళ్ళాడు.

“మస్తానయ్య గారూ, మీ పద్దెనిమిదేళ్ళ పిలకాయకి ఈ బిడ్డ కూతురంట. ఈ పాపను గూడా జట్టులో రాసుకుంటారా?”

జనం గొల్లుమన్నారు. సెక్రటరీ లేచి, “కూతురు కాదండీ, మేనకోడలు. చిన్నబిడ్డ, తెలియక అన్నది” అన్నాడు.

కేరియరు ఆవిడ పేరు ఆదిశేషమ్మ. ఆమె సెక్రటరీని ఎగాదిగా చూసింది. “ఏందయ్యా నువ్వనేది? నా మొగుడు నా బిడ్డకి మేనమామా? అట్టయితే నాకేమవుతాడు?”

ఆ తర్వాత ఆట సాగలేదు. హజరత్తయ్య తలవంచుకుని వచ్చి బిడ్డను అందుకున్నాడు. “వద్దన్నా వినలా అయ్యోరా. బస్తాలు మొయ్యడంకన్నా ఇది తేలిక్కదా అని వచ్చినా” అన్నాడు. పెళ్ళాంబిడ్డలతో గట్టుమీద కూర్చుని అన్నం తిన్నాడు. మైదానంలో ఆరోజు సిగ్గుపడిన మనిషి ఆయన ఒక్కడే.

మస్తానయ్య సిగ్గుపడలేదు. ఏరిన జట్టులో స్కూలు పిల్లవాడు ఒక్కడూ లేడు, క్రమశిక్షణ లేదన్నారు. మళ్ళీ మీసాలు గొరిగిన వాళ్ళనే పంపారు. హైదరాబాదులో డాక్టరు వాళ్ళను వరసగా నిలబెట్టి, సంతలో ఎద్దులకు చూసినట్టు పళ్ళు చూసి, వచ్చిన రైల్లోనే వెనక్కి పంపించాడు. ఈ కబురు విన్నాక రంగనాయకులుకు పట్టపగ్గాలు లేకపోయాయి. బస్సులో, టీ బంకుల దగ్గర, ఆఖరికి స్కూలు తనిఖీకి వచ్చిన అధికారికి కూడా మేనమామ కథ చెప్పాడు. ఆదిశేషమ్మ గొంతు అచ్చంగా దించేవాడు.

ఒకరోజు అలాగే స్కూలు గేటు ముందు చెబుతుండగా పేరమ్మ వచ్చింది. కథ మొత్తం విన్నది. అందరూ నవ్వి వెళ్ళిపోయాక అంది:

“బాగుండాది అయ్యోరా. నువ్వు నవ్వినావు, ఊరంతా నవ్వింది. నా బిడ్డ మొన్నటినించి పడవెక్కతా ఉండాడు. ఆ బిడ్డని ఎత్తుకపోయే ముందర మా వోడేమైపోతాడో ఒక్కసారన్నా తలుచుకున్నావా?”

“దొంగతనం చూసి నోరు మూసుకోమంటావా?”

“నోరు మూసుకోమన్లేదు. నీకు వాళ్ళని నవ్వులపాలు చెయ్యడం కావాల. నాకు నా బిడ్డ కావాల. రెండూ ఒకటి కాదు.”

ఇంటికి వెళ్ళే దారిలో ఆయనకు ఆరోజు ఆట గుర్తొచ్చింది. ఆదిశేషమ్మ కేరియరుతో వచ్చినప్పుడు ముత్యాలయ్య మైదానం మధ్య మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అది ఆయన చూశాడు. చూసి, ముందు బిడ్డను ఎత్తుకున్నాడు. తన మోకాలు చెడిననాడు మిల్లువాళ్ళు చేసిన పనికీ, ఇప్పుడు తాను చేసినదానికీ పెద్ద తేడా ఆయనకు కనబడలేదు.

మరుసటేడు పోటీల కాలం వచ్చేసరికి రంగనాయకులు నెల్లూరు వెళ్ళి, మస్తానయ్య మిల్లు వసారాలో తవుడు దుమ్ములో కూర్చున్నాడు. ఆయన్ను పొద్దెక్కేదాకా కూర్చోబెట్టారు.

“రాండి అయ్యోరా! నవ్వడం అయిపోయిందా?” అన్నాడు మస్తానయ్య.

“పిల్లవాడొకడున్నాడు. ఇంకా ఒక్క ఏడే వయసు మిగిలింది. వాడిని పంపండి.”

“పంపుతాం. మాకూ నిజం పిలకాయలే కావాల ఇప్పుడు. కాకపోతే మా వార్షికోత్సవంలో మైకు ముందర ఒక మాట చెప్పాల మీరు. ఆ బిడ్డ మేనకోడలే, నేను పొరబడినా అని.”

జిల్లా అంతటికీ నిజం తెలుసు. ఒప్పుకున్నందువల్ల మస్తానయ్యకు దక్కేదేమీ లేదు, ఒక మనిషి తలవంచడం తప్ప. అంత చిన్న సరుకు కోసం అంత ఆశపడే మనిషి ముఖం వైపు రంగనాయకులు కాసేపు చూశాడు. ఇంతకంటే అసహ్యించుకోదగ్గ మనిషి తనకు మళ్ళీ దొరకడనుకున్నాడు. సరేనన్నాడు.

వార్షికోత్సవం రోజు మైకు ముందు నిలబడి, “పోయినేడు నేను పొరబడ్డాను. ఆ బిడ్డ హజరత్తయ్యకు మేనకోడలు. మస్తానయ్య గారు నన్ను క్షమించాలి” అని చెప్పాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గోడపక్కన కుర్చీలు సర్దుతున్న హజరత్తయ్య చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. రంగనాయకులు మెట్లు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా బస్టాండుకు నడిచాడు. ఇన్నాళ్ళూ ఊరి మీద ఊసినదంతా నోటినిండా ఉన్నట్టుంది. ఊసేందుకు చోటు లేదు.

మస్తానయ్య మాట తప్పలేదు. ముత్యాలయ్య హైదరాబాదు వెళ్ళాడు, రాష్ట్రం జట్టులో చోటు సంపాదించాడు, ఎక్కడో ఉత్తరాదిన పోటీలు ఆడి వచ్చాడు. బస్సు దిగి నేరుగా అయ్యవారి ఇంటికి వెళ్ళాడు.

“గెలిచినారా?” అన్నాడు రంగనాయకులు.

“రెండో ఆటలో ఓడిపొయినామయ్యా. అందురూ పెద్దోళ్ళే. నన్ను కాసుకున్న బ్యాకుకి బట్టతల.”

“పద్దెనిమిదేళ్ళకా!”

“ఆఁ. ఆట చూసేదానికి బొట్టుపెట్టుకున్న పెళ్ళాం గూడా వచ్చింది.”

“నువ్వేం చేసినావు మరి?”

“వాడు తిరిగేలోపల పొయ్యి గోలు కొట్టినా. బరువు జాస్తి గదా, వాడు పడవ మాదిరి తిరగతా ఉండాడు.”

రంగనాయకులు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు అక్కడే ఉండి, కళ్ళు కడుక్కుని వచ్చాడు.

ఆ గోలును మద్రాసు జట్టు మనిషి ఒకాయన చూశాడట. మరుసటేడు ముత్యాలయ్యకు అక్కడ ఉద్యోగమిచ్చి ఆడించుకున్నారు. నెల్లూరులో సమాజంవాళ్ళు వాడికి సన్మానం చేశారు. పిల్లలను పెంచి పెద్దచేసిన మహానుభావుడని సెక్రటరీ మస్తానయ్యను పొగిడాడు. ముత్యాలయ్య చేత ఆయనకు దండ వేయించాడు. రంగనాయకులు వెళ్ళలేదు. పేరమ్మ వెళ్ళింది. ముందు వరసలో కూర్చోబెట్టారట. చేపల వాసనని పక్కావిడ ముక్కు మూసుకుంటే, మూసుకున్నంతసేపూ ఆమెవైపే ఇంకాస్త జరుగుతూ కూర్చున్నదట.

ఆ తర్వాత రంగనాయకులు మేనమామ కథ ఎవరికీ చెప్పలేదు. అడిగినా చెప్పలేదు. మిగతావేవీ మారలేదు, హెడ్మాస్టరు నచ్చడు, లెక్కల మాస్టరు నచ్చడు. కొత్తగా వచ్చిన పిల్లలు ఎందుకూ పనికిరారని రోజూ తిట్టేవాడు, రోజూ తెల్లారగానే సరుగుడు తోట దగ్గర ఉండేవాడు. మస్తానయ్య కారు ఎదురైతే నమస్కారం పెట్టేవాడు, పిల్లలకోసం. ఆ నమస్కారంలో ఎంత కారముందో కారులో ఉన్నవాడికి తెలిసేది కాదు.

ముత్యాలయ్య సెలవులకు వచ్చినప్పుడల్లా అయ్యవారి వసారాలో చేరేవాడు. ఇద్దరూ కూర్చుని దేశంలోని బ్యాకులందరినీ, గోలుకీపర్లనూ, సంఘాల పెద్దలనూ పేరుపేరునా దులిపేసేవాళ్ళు. వెంకటశేషమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, “ఈ ఇంట్లో ఒక నోరే ఎక్కువనుకుంటే ఇంకో నోరు తయారుచేసినారా!” అనేది. వాళ్ళు మజ్జిగ తాగి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.