బంద్ రోజుల టెన్నిస్

మొన్న కోకాపేటలో ఒక పెద్ద టవర్ కింద స్నేహితుడి కోసం ఎదురుచూస్తుంటే, పక్కనున్న నీలం రంగు కోర్టులో ఒకాయన యంత్రంతో టెన్నిస్ ఆడుతూ కనిపించాడు. యంత్రం బంతిని ఒకేచోట వేస్తోంది, ఆయన ఒకేలా కొడుతున్నాడు. ఆట అద్భుతంగా ఉంది. యంత్రానికి మాత్రం ఏమీ అనిపిస్తున్నట్టు లేదు. నాకు మా మామ గుర్తొచ్చాడు.

మామ అంటే అమ్మ తమ్ముడు. అనంతపురం నుంచి హైటెక్ సిటీలో ఉద్యోగానికి వచ్చి ఖాజాగూడలో కిరాయికి ఉండేవాడు. అదే కంపెనీలో కొత్తగా చేరిన నన్నూ ఆ ఇంట్లోనే సర్దుకోమన్నాడు. ప్రాక్టీసులో మామని చూస్తే, ఇంత ఆట పెట్టుకుని ఈయన ఆఫీసులో ఏం చేస్తున్నాడా అనిపించేది. మ్యాచ్‌లో చూస్తే ఆఫీసులోనే ఉంటే నయమనిపించేది. స్కోరు మొదలైతే చాలు, ఆ చెయ్యి కట్టె అయిపోయేది. "ఎవరన్నా చూస్తాండారంటే చెయ్యి నా మాట ఇనదురా" అనేవాడు. ఆ మ్యాచ్‌లకి వచ్చే జనమంతా నేనూ, సెక్యూరిటీ గార్డూ.

ప్రాక్టీసులో మామకి జోడీ మా ఆఫీసులోనే పనిచేసే ఖాజాగూడ అన్న. ఆ ఊళ్లోనే పుట్టినవాడు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే బస్సుల్లేవు, ఆఫీసు లేదు. పొద్దున అన్న రోడ్డు మీద వంటావార్పుకి వెళ్లేవాడు. అక్కడ అందరూ కలిసి వండిన టమాటా అన్నం డబ్బాలో పెట్టుకుని, మధ్యాహ్నానికి బండరాళ్ల పక్కన ఏ బిల్డరో సగంలో వదిలేసిన సిమెంటు కోర్టుకి వచ్చేవాడు.

"తిను అన్నా. ఉత్తగ కాదు, తిన్నంక ఒక్క నినాదం ఇయ్యాలె" అనేవాడు మామతో.

"నినాదం మీరిచ్చుకోండప్పా. ఉప్పు మాత్రం ఇంగ రవ్వంత పడాల."

రాష్ట్రం సంగతి వాళ్ల మధ్య అంతకన్నా ముందుకు సాగేది కాదు. తిన్నాక ఆట. స్కోరు ఉండేది కాదు. బంతిని బతికించడమే పని. మామ కొట్టిన బంతి సరిగ్గా అన్న కుడిచేతికి వెళ్లేది, అన్న కొట్టింది మామకి ఇష్టమైన బ్యాక్‌హ్యాండ్‌కి. అతిథికి వడ్డించినట్టు ఆడేవాళ్లు. వేడి సిమెంటు మీద బంతి చప్పుడూ, రాళ్ల నుంచి దాని ప్రతిధ్వనీ వింటూ నేను గోడమీద కూర్చుని నిద్రపోయేవాణ్ని. అంత మంచి నిద్ర తర్వాత ఏ ఏసీ గదిలోనూ పట్టలేదు.

ఆ ఏడాది ఆఫీసు టోర్నమెంటులో మామ ఫైనల్‌కి చేరాడు. ప్రతిభ కాదు. ప్రతి రౌండూ బంద్ రోజే పడింది, దూరం నుంచి రావాల్సిన ప్రత్యర్థులకు బస్సులు దొరకలేదు, మామ నడిచి వెళ్లాడు. రానివాళ్లు ఓడినట్టే లెక్క. రెండోవైపు నుంచి అలాగే నడుచుకుంటూ ఖాజాగూడ అన్న ఫైనల్‌కి వచ్చాడు.

ఇక ఆఫీసుకి పండగే. క్యాంటీన్ రెండుగా చీలింది. అప్పటిదాకా టెన్నిస్‌లో నెట్ ఎందుకుంటుందో తెలియనివాళ్లు కూడా అది రాష్ట్ర సరిహద్దని గ్రహించారు. ముందురోజు మామ అన్నం సరిగా తినలేదు. "గెలిస్తే ఆయప్ప మనసు నొచ్చుకుంటాది. ఓడితే మనోళ్లు నన్ను బతకనీరు. బంద్ పడితే బాగుండురా" అన్నాడు. బంద్‌లు కూడా అవసరానికి రావు.

తప్పులు పట్టే టెస్టింగ్ ఉద్యోగం నాది కనుక నన్ను అంపైర్‌ని చేశారు. మ్యాచ్ మొదలైంది. మొదలైన కాసేపటికే అసలు చిక్కు తెలిసింది: ఇద్దరికీ ఒకరినొకరు ఓడించడం అలవాటు లేదు. ఎదురుగా అన్న ఉన్నందుకేమో, మామ చెయ్యి కట్టె కూడా కాలేదు. మామ బంతి అన్న కుడిచేతికే, అన్న బంతి మామ బ్యాక్‌హ్యాండ్‌కే. యుద్ధం చూద్దామని వచ్చినవాళ్లు మెడలు అటూ ఇటూ తిప్పి అలిసి, ఒక్కొక్కరే బిరియానీ వైపు జారుకున్నారు. బహుమతి ఇవ్వాల్సిన హెచ్ఆర్ మేడమ్ నా కుర్చీ దగ్గరకొచ్చి, "ఎవరో ఒకర్ని కానిచ్చేయండి, కేకు కరిగిపోతోందండి" అంది.

ఇక ఒక్క పాయింటుతో తేల్చేద్దామన్నాను. ఇద్దరి స్కోరూ సమానం. ఎవరో వెనకనుంచి "మనోళ్ల పరువు తీయొద్దన్నా!" అని అరిచారు. ఏ మనోళ్లో తెలియదు. అన్న ఎప్పటిలాగే కుడిచెయ్యి సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాడు. మామ ఆయన ఎడమవైపు ఖాళీలోకి కొట్టాడు. ఆ వైపు మామ కొట్టగా నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. అన్న పరిగెత్తను కూడా లేదు. బంతి పడిన చోటు కాసేపు చూసి, నెట్ దగ్గరకొచ్చి చెయ్యి కలిపాడు.

"గిట్ల గూడ కొడ్తవా అన్నా?" నవ్వుతూనే అన్నాడు.

"చెయ్యి జారిందప్పా."

"జారనీ. మంచిగ జారింది."

తర్వాతి బంద్‌కి అన్న వచ్చాడు. డబ్బా కూడా వచ్చింది, ఈసారి ఉప్పు సరిపోయింది. కానీ అన్న ఇప్పుడు కోర్టు మధ్యలో నిలబడుతున్నాడు, రెండు వైపులా కాచుకుంటూ. అది చూసి మామ బంతి ఇంకా జాగ్రత్తగా ఆయన చేతికే వేయబోయి నెట్‌కి కొట్టేవాడు. మ్యాచ్‌లో కట్టె అయ్యే చెయ్యి ప్రాక్టీసులోనూ కట్టె అయింది. "సారీ అప్పా", "పర్వాలేదన్నా" అని అంతకుముందెప్పుడూ లేని మర్యాదలు వినిపించసాగాయి. కొట్లాడుకుని ఉంటే బాగుండేది, నేను మధ్యలో దూరి రాజీ చేసేవాణ్ని. నవ్వుతూ ఉన్నవాళ్లకి రాజీ ఎలా చేస్తారు?

రాష్ట్రం వచ్చినరోజు అన్న మిఠాయి తెచ్చాడు. మామ రెండు తిన్నాడు. కోర్టుకి పోదామని ఎవరూ అనలేదు, కొన్నాళ్లకి అక్కడ పునాదులు తవ్వారు. మామ ఆ టోర్నమెంటు కప్పు నా దగ్గరే వదిలేసి బెంగళూరు వెళ్లాడు. ఫోన్ చేసినప్పుడు "ఆయప్ప కనపడినాడా?" అని అడుగుతాడు, ఆట గురించి అడగడు. ఆ ఎండ, ఆ టమాటా అన్నం, ఎటూ తేలని ఆ మధ్యాహ్నాలు మాత్రం నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. స్కోరు పెట్టిన రోజుల్ని ఎవరో ఒకరు గెలుచుకుని పోతారు. మనకంటూ మిగిలేది లెక్కపెట్టకుండా పోగొట్టుకున్న కాలమేనేమో.