సున్నంలో ఎర్రబడ్డ చెయ్యి

అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా అమ్మాయి ఇంట్లో, అల్లుడు డబ్బా మూత తీయగానే తడి సున్నం వాసనకి నాకు ఒళ్ళు మండింది. ఫ్రాన్సులో ఏదో పల్లెటూళ్ళో వాళ్ళు కొన్న పాత రాతి ఇంటికి వేయించే సున్నమట, శాంపిల్.

నా చిన్నప్పుడు మేం అద్దెకు దిగింది పాడుబడ్డ ఇల్లు. అమ్మా నాన్నా వేసవంతా గోడలు మెత్తి సున్నం కొట్టారు. గృహప్రవేశాల్లో గోడకు పసుపు చేతులు అద్దడం చూసి, చెయ్యి ఎవరిదైతే ఇల్లు వాళ్ళదే అనుకున్నాను నేను. గుమ్మం పక్కన నా చెయ్యి అద్దాను. సున్నం తగిలి పసుపు ఎర్రబడింది.

పని అవగానే ఇంటాయన వచ్చాడు.

"ఇల్లు బాగు చేశావయ్యా. మావాడు కాపురం పెడతాడు, ఖాళీ చెయ్యి."

"ఇల్లు మాది. నా చెయ్యుంది చూడు," అన్నాను.

ఆయన నవ్వి, అమ్మ కుంచెతోనే దాని మీద సున్నం పూసేశాడు. నాన్న నన్నే కసిరాడు.

ఇప్పుడు అల్లుడు కంప్యూటర్‌లో ఆ ఫ్రాన్సు ఇంటి ఫోటో చూపించాడు. "వంటింటి గోడ మీద పాతవాళ్ళ పిల్లల చేతిముద్రలున్నాయి అత్తయ్యా. ఈ సున్నంతో కవర్ చేయించేస్తాం."

"ఆ గోడ ముట్టుకోకండి."

"కొన్నాం కదా, ఇల్లు మనదేగా?"

"ఇల్లు మీదే బాబూ. ఆ చేతులు మీవి కావు."

చెయ్యి అద్దితే ఇల్లు మనదైపోదని నాకూ తెలుసు. డబ్బా మూత మాత్రం నేనే గట్టిగా బిగించాను.