పేరెత్తనివాళ్ళు

లుగార్డా డెబ్బై నాలుగేళ్ళ బతుకులో ఎవర్నీ ఊరికే నమ్మలేదు. కాగితం పట్టుకున్నవాణ్ణయితే అసలే నమ్మలేదు. ఆమెకు ఆరేళ్ళప్పుడు ఒక తెల్లదొర ఏదో కాగితం చూపించి ఆమె అన్నను పశువులు కాయడానికని తీసుకుపోయాడు. ఆదివాసీ పిల్లల్ని అలా తీసుకుపోవడానికి అప్పట్లో చట్టమే ఉండేది. అన్న మళ్ళీ రాలేదు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని శాన్ హువాన్ ఊళ్ళో ఆమె ఆదివాసీనని బయటపడకుండా మెక్సికన్‌నని చెప్పుకుని బతికింది, మెక్సికన్‌వాణ్ణే పెళ్ళాడింది, నలభై ఏళ్ళు ఊరి బట్టలు ఉతికింది. తమ ముత్సున్ భాష మాత్రం తలుపు మూశాక, చెల్లెలితోనే.

ఆ చెల్లెలు పోయి రెండేళ్ళయింది. ఆమె పేరు లుగార్డా చెప్పదు కనుక నేనూ చెప్పను. అప్పట్నుంచి ఆ భాష వినేది ఇంట్లో కోళ్ళే. కోళ్ళు తిరిగి మాట్లాడవు కదా. చచ్చేలోగా ఒక్కసారి ఎవరైనా ఆ మాటల్లో బదులు చెబితే చాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

ఆ వేసవిలో పెల్టన్ అనే అతను నోటుపుస్తకంతో కారు దిగాడు. కనుమరుగైపోతున్న భాషలు రాసుకోవడం అతని పని.

“మీకు ముత్సున్ వచ్చట కదా, అవ్వా?”

“ఎవడు కూశాడు? మేం మెక్సికన్లం.”

“మీ చెల్లెలు...” అంటూ అతను ఆ పోయిన మనిషి పేరు కాస్తా పలికేశాడు.

పోయినవాళ్ళ పేరెత్తడమంటే ముత్సున్‌వాళ్ళలో చెంప మీద కొట్టడమే. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో విచారించే ఓపిక లుగార్డాకు లేదు. చీపురు తిరగేసి, అతను కారెక్కేదాకా వెంటపడింది.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఆమె ఇసుక గుంటలో ఓక్ కాయల పిండి పరిచి, చేదు పోయేలా నీళ్ళు పోస్తోంది. అతను దూరంగానే నిలబడ్డాడు.

“మీతో ఉండే ఆవిడ గురించి ఆ రోజు తప్పుగా అడిగాను. క్షమించండి.”

లుగార్డా చెయ్యి ఆగిపోయింది. ఈసారి పేరెత్తకుండా అన్నాడు; ఇది పుస్తకాల్లో దొరికే మర్యాద కాదు.

“నీకిది ఎవరు నేర్పారు?”

“గిల్‌రాయ్ ఊరి దగ్గర సిప్రియానో అని, గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలాయన. నేను చేసిన పని చెబితే తిట్టిపోశాడు. మీకు ముత్సున్ వచ్చా అంటే మాత్రం రాదంటాడు. మీరొకసారి వచ్చి మాట్లాడి చూస్తారా? కారులో తీసుకెళ్తాను.”

రాదన్నవాడికే వచ్చి ఉంటుంది. తనూ అదేగా చెప్పింది. అయినా ఇది ఎరేమోనని అనుమానం. అన్నను కూడా తీపి మాటలు చెప్పే బండెక్కించారు. ఆ పూటంతా గొణుక్కుని, చివరికి శాలువాలో కత్తెర దాచుకుని కారెక్కింది.

సిప్రియానో వాకిట్లో కూర్చున్నవాడు లేవలేదు. ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఎవరి తాలూకు?” అన్నాడు స్పానిష్‌లో.

“నదికి ఇవతలివాళ్ళం.”

“ఆ మాట ఎవరైనా అంటారు. మీ అమ్మ పేరేంటో చెప్పు, అప్పుడు నమ్ముతా.”

లుగార్డాకు ఒళ్ళు మండిపోయింది. మెక్సికన్‌నన్న సంగతే మరిచిపోయి, ముత్సున్‌లో విరుచుకుపడింది.

“పోయినవాళ్ళ పేరు అడుగుతావా? నిన్ను కన్నవాళ్ళు నీకు నేర్పింది ఇదేనా?”

ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత అదే భాషలో, మెల్లగా అన్నాడు.

“నేర్పారక్కా. నీకూ నేర్పారో లేదో చూద్దామనే అడిగాను. కూర్చో.”

ఆ భాషలో ‘అక్కా’ అన్న పిలుపు విని రెండేళ్ళయింది. లుగార్డా ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

పెల్టన్ గబగబా పుస్తకం తెరిచాడు. ఆమె కళ్ళయినా తుడుచుకోకుండా కత్తెర తీసి అతనివైపు చూపించింది.

“మూసెయ్ నాయనా. రాసుకోవడం రేపు. ఇవాళ మేం మాట్లాడుకోవాలి.”