వరస మాస్టారు

బళ్ళో ఇస్లాం పాఠాలు చెప్పే మాస్టారికి ఒకటే పిచ్చి: వరస. మంచినీళ్ళ కుండ దగ్గరైనా తన వంతు రానిదే గ్లాసు ముట్టరు. ఓసారి మంగలి మర్యాదకని ముందు కూర్చోబెడితే, తనకంటే ముందొచ్చినవాళ్ళున్నారని తెలిసి, ముఖాన సబ్బు నురగతోనే లేచి బల్ల చివరికి పోయారట.

ఆయన పాఠం ఆయాకి కూడా కంఠతా వచ్చు. రోజూ వరండా ఊడుస్తూ వింటుంది కదా.

"నమాజు వరసలో ముందెవరు?"

"ముందొచ్చినవాళ్ళు సార్!"

"ఆలస్యంగా వచ్చిన షావుకారు?"

"వెనకే సార్!"

"డబ్బిచ్చి ముందుకి జరిగితే?"

"లంచం సార్! ఇచ్చినవాడికీ పాపమే, పుచ్చుకున్నవాడికీ పాపమే!"

'ఈయనకేం, చెబుతారు' అనుకునేది ఆయా.

ఆమె కూతురి కంట్లో పుండు లేచింది. ఆలస్యమైతే చూపు పోతుందన్నారు. కంటి ఆసుపత్రిలో రోజుకి ఇరవై చీట్లే. రెండు రోజులు వట్టి చేతుల్తో తిరిగొచ్చింది. మూడోరోజూ ఇరవై మూడో మనిషే అయింది. ఇక లాభం లేదని, కాంపౌండరుకి ఇవ్వడానికి నోటు మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

పిల్ల ఏడుపు విని, వరస ముందు నుంచి ఎవరో తడుముకుంటూ వచ్చారు. మాస్టారు! కళ్ళకి పొరలు కమ్మి ఆయనా వచ్చారు. నాలుగో చోటు ఆయనది.

"పిడికిట్లో ఏంటమ్మా, గరగరమంటోంది?"

"ఏం లేద్సార్... చెమట."

"ఆ చెమట ఇంటికే పట్టుకెళ్ళు. నువ్వు నా చోటికి పో, నేను నీ చోట్లో ఉంటా."

"అయ్యో, వరస తప్పినట్టు కాదా సార్?"

"మధ్యలో ఎవరికైనా ఒక్క అడుగు వెనక్కి పడిందా? నష్టం నాదే. నడు!"

పిల్ల కన్ను దక్కింది. కట్టు కడుతూ కాంపౌండరు నసిగాడు: "నేనూ ఆయన దగ్గరే చదివానక్కా. ఇలా వెనక్కి పోవడం ఈ వారంలో ఇది మూడోసారి. చాటుగా చీటీ ఇస్తానంటే నా చెవి మెలిపెట్టారు."

మర్నాడు తెల్లవారకుండానే ఆయా వెళ్ళి అందరికంటే ముందు నిలబడింది. మాస్టారు వచ్చేసరికి వరస గేటు దాటింది.

"నీ పని అయిపోయిందిగా అమ్మా?"

"మీ కోసమే సార్. నా చోటికి పోండి, నేనిక్కడుంటా."

"అలా కుదరదు..."

"మధ్యలో ఎవరికైనా ఒక్క అడుగు వెనక్కి పడిందా సార్?"

మాస్టారు ఆ లెక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. బుద్ధిగా వెళ్ళి మొదట నిలబడ్డారు. కాసేపటికి వెనక్కి తిరిగి, ఒక్క ముఖమైనా కంటికి ఆనకపోయినా, నమాజుకి నిలబెట్టినట్టే గట్టిగా అన్నారు:

"వరస వంకరగా ఉంది, సర్దుకోండి!"